మందులకు లొంగని క్లెబ్సియెల్లా జాడ తీయడం ఎలా: వార్డు నుంచి జన్యుక్రమం దాకా ఒక సమగ్ర మార్గదర్శి

నవజాత శిశువుల ఐసీయూలో మూడు వారాల వ్యవధిలో నలుగురు పిల్లల రక్తంలో క్లెబ్సియెల్లా నిమోనియే అనే బాక్టీరియా పెరిగిందనుకుందాం. నాలుగూ మెరోపెనెమ్ అనే శక్తిమంతమైన యాంటీబయాటిక్‌కు లొంగలేదు. యాంటీబయోగ్రాములు (ఏ మందుకు లొంగుతుంది, దేనికి లొంగదు అని చూపే పట్టికలు) అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీ సమావేశంలో ఎవరో ఒకరు, "ఇంకేముంది, ఒకటే స్ట్రెయిన్, ఎవరి చేతుల మీదుగానో పాకింది" అని తేల్చేస్తారు. నిజం కావచ్చు. కానీ ఆ మాటకు యాంటీబయోగ్రామ్ సాక్ష్యం కాదు. మన ఆసుపత్రుల్లో కార్బపెనెమ్‌లకు (మెరోపెనెమ్ కోవ మందులకు) లొంగని క్లెబ్సియెల్లా ఏది తీసుకున్నా, ఒకటి రెండు మందులు తప్ప వరుసంతా నిరోధకతే కనిపిస్తుంది. ఏ సంబంధమూ లేని రెండు స్ట్రెయిన్లు (ఒకే జాతిలోని వేర్వేరు రకాలు) కూడా ఆ కాగితం మీద కవలల్లా ఉంటాయి.

అవి నిజంగా ఒకటేనా, ఒకటైతే ఎటు నుంచి వచ్చాయి అని తేల్చేదే జన్యు టైపింగ్. వైద్య కళాశాలల మైక్రోబయాలజీ విభాగాల్లో ఈ పనికి కొత్తగా దిగేవారి కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణగా మొదటి నుంచి చివరి వరకు క్లెబ్సియెల్లానే తీసుకుంటాను. అవసరమైన చోట ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ ఆరియస్ బాక్టీరియా) ప్రస్తావన వస్తుంది.

మొదటి అడుగు: ప్రశ్నను కాగితం మీద పెట్టండి

ప్రయోగశాలలో ఏ గొట్టమూ తెరవక ముందు ఒక వాక్యం రాయండి: ఈ ఫలితం వస్తే వార్డులో ఏం మారుతుంది? నలుగురు పిల్లలదీ ఒకే స్ట్రెయిన్ అని తేలితే ఉమ్మడి మూలం కోసం వెతకాలి. సింకులు, సక్షన్ గొట్టాలు, ఐవీ ద్రవాలు కలిపే బల్ల, ఇంక్యుబేటర్ల తేమ పాత్రలు అన్నీ చూడాలి. నాలుగూ వేర్వేరని తేలితే దారి వేరు. బయటి నుంచి వచ్చే పిల్లలను చేర్చుకునేటప్పుడు స్క్రీనింగ్ ఉందా, యాంటీబయాటిక్‌ల వాడకం ఎలా ఉంది అన్నవి ముందుకు వస్తాయి. ఏ ఫలితం వచ్చినా చేసే పని అదేనని తేలితే టైపింగ్ మానేసి, ఆ డబ్బుతో చేతులు కడిగే ద్రావణం కొనండి. సరదాకు అంటున్న మాట కాదు. ఎవరూ అడగని ప్రశ్నలకు సమాధానంగా తీసిన జెల్ ఫోటోలు ఎన్నో పరిశోధన వ్యాసాల్లో అందంగా నిలిచి ఉన్నాయి.

పద్ధతి ఏదన్నది కూడా ప్రశ్నే చెబుతుంది. ఈ వారం ఈ వార్డులో జరిగింది తేల్చడం ఒక పని. మన దగ్గర తిరుగుతున్న వంశాలు దేశంలో మిగతా చోట్ల ఉన్నవేనా అని చూడడం మరో పని. మొదటిదానికి సన్నని తేడాను కూడా పట్టే పద్ధతి కావాలి. రెండోదానికి ఏ ప్రయోగశాలలో చేసినా అదే సమాధానం ఇచ్చే, అందరికీ ఒకే పేర్లున్న పద్ధతి కావాలి. చాలాకాలం ఈ రెండూ ఒకే పద్ధతిలో దొరకలేదు. అన్ని రకాల టైపింగ్ పద్ధతులు పుట్టడానికి అదే కారణం.

రెండో అడుగు: ఐసోలేట్లను ఎంచడం, బతికించుకోవడం

పని సగం పాడయ్యేది ఇక్కడే. టైపింగ్ అనగానే అందరి ఆలోచనా యంత్రం మీదికి పోతుంది. యంత్రంలోకి వెళ్లేదేమిటన్నది ఎవరూ పట్టించుకోరు.

ముందు లైను జాబితా తయారు చేయండి. ప్రతి రోగికి ఒక వరుస. చేరిన తేదీ, ఏ మంచం నుంచి ఏ మంచానికి ఎప్పుడు మారారు, వెంటిలేటర్ ఎప్పుడు పెట్టారు, ఏ ఆపరేషన్లు జరిగాయి, నమూనా ఎప్పుడు తీశారు, మొదటి పాజిటివ్ ఎప్పుడు. తెలుగు రాష్ట్రాల్లో మరో నిలువు వరుస తప్పనిసరి: ఇక్కడికి రాకముందు ఎక్కడ ఉన్నారు? జిల్లా కేంద్రంలోని చిన్న నర్సింగ్ హోమ్‌లో నాలుగు రోజులు, అక్కడి నుంచి పెద్ద ప్రైవేటు ఆసుపత్రి, డబ్బు అయిపోయాక హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ప్రభుత్వ బోధనాసుపత్రి. ఎంతోమంది రోగులు వచ్చే దారి ఇదే. ఈ వరుస ఖాళీగా ఉంటే, చివర్లో జన్యువులు చూపించే సంబంధాలకు అర్థం చెప్పలేరు.

తరువాత ఐసోలేట్లు, అంటే నమూనాల నుంచి విడిగా పెంచిన బాక్టీరియా. అనుమానమున్న నాలుగింటినే టైపింగ్ చేస్తే సరిపోదు. అదే ఆసుపత్రిలో గత కొన్ని నెలల్లో వేరే వార్డుల్లో దొరికిన, ఈ ఘటనతో సంబంధం లేదనుకునే ఐసోలేట్లను కూడా కొన్ని చేర్చండి. అవి లేకపోతే "ఈ నాలుగూ దగ్గరివి" అన్న మాటకు కొలబద్ద ఉండదు. ఆసుపత్రి అంతటా ఒకే వంశం తిరుగుతుంటే, ఏ నాలుగు తీసినా దగ్గరివిగానే కనిపిస్తాయి.

రక్తం నుంచి వచ్చినవే కాకుండా రెక్టల్ స్వాబ్ స్క్రీనింగ్‌లో దొరికినవీ, పరిసరాల నుంచి దొరికినవీ దాచండి. జబ్బు పడినవారు కొద్దిమందే. పేగుల్లో మౌనంగా మోస్తున్నవారు అంతకంటే ఎక్కువమంది. స్క్రీనింగ్ ప్లేటు మీద ఒకే కాలనీతో ఆగకుండా మూడు నుంచి అయిదు కాలనీలు విడివిడిగా దాచి ఉంచితే తరువాత పనికివస్తాయి. ఒకే మనిషి పేగుల్లో కొద్దిపాటి తేడాలున్న సంతతి గుంపుగా ఉంటుంది. వేర్వేరు వంశాలు కూడా కలిసి ఉండవచ్చు.

భద్రపరచడం: శుద్ధమైన ఒక్క కాలనీ నుంచి పెంచిన కల్చర్‌ను 15–20 శాతం గ్లిసరాల్‌తో మైనస్ 80 డిగ్రీల దగ్గర రెండు గొట్టాల్లో పెట్టండి. ఎన్‌డీఎం వంటి నిరోధక జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్‌ల మీద, అంటే క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాల మీద, ఉంటాయి. మందు లేని మాధ్యమం మీద పదేపదే తిరగవేస్తే ఆ ప్లాస్మిడ్ రాలిపోవచ్చు. తిరగవేతలు తగ్గించండి, లేదా మెరోపెనెమ్ కొద్దిగా ఉన్న ప్లేటు మీద పెంచండి. టైపింగ్‌కు పంపేరోజే సున్నితత్వ పరీక్ష మరోసారి చేసి, నిరోధకత ఇంకా ఉందని చూసుకోండి.

మూడో అడుగు: నిరోధక జన్యువును గుర్తించడం

ఇది టైపింగ్ కాదు, కానీ దాని ముందు మెట్టు. మల్టీప్లెక్స్ పీసీఆర్‌తో (ఒకేసారి పలు జన్యువులను వెతికే పరీక్షతో) కార్బపెనెమ్‌లను విరిచేసే ఎంజైముల జన్యువులైన ఎన్‌డీఎం, ఆక్సా-48 కుటుంబం, కేపీసీ, విమ్, ఇంప్ ఉన్నాయేమో చూడాలి. మన దేశంలో క్లెబ్సియెల్లాలో మొదటి రెండే ప్రధానంగా కనిపిస్తాయి. రెండూ ఒకే ఐసోలేట్‌లో ఉండడమూ మామూలే. ఆక్సా-48 కుటుంబంలో మన దగ్గర ఎక్కువగా ఉండేవి ఆక్సా-181, ఆక్సా-232. నాలుగు ఐసోలేట్లలో ఒకదానిలో ఎన్‌డీఎం, మిగతా మూడింట్లో ఆక్సా-232 ఒక్కటే ఉంటే, నాలుగూ ఒకటేనన్న ఊహ అప్పుడే బలహీనపడుతుంది. అయితే అక్కడితో కొట్టివేయకండి. ప్లాస్మిడ్ రాలిపోయి ఉండవచ్చు.

ఎంఆర్‌ఎస్‌ఏ అయితే ఇక్కడ నిరోధకతనిచ్చే మెక్‌ఏ జన్యువు, దాన్ని మోసే ఎస్‌సీసీమెక్ క్యాసెట్ (డీఎన్‌ఏ ముక్క) రకం చూస్తారు. భారత ఉపఖండంలో తలెత్తిన బెంగాల్ బే క్లోన్ (ఒక వంశం) ఎస్‌టీ-772 (ఈ సంఖ్య ఏమిటో అయిదో అడుగులో వస్తుంది). దానిలో ఉండేది అయిదో రకం క్యాసెట్.

నాలుగో అడుగు: బ్యాండ్ల పద్ధతులు, చేతిలో ఇంకేమీ లేకపోతే

డీఎన్‌ఏ ముక్కలు జెల్ మీద చూపే బ్యాండ్లను పోల్చే ఎరిక్-పీసీఆర్, ర్యాప్డ్ వంటివి మామూలు పీసీఆర్ యంత్రం, అగరోజ్ జెల్ ఉంటే ఒక్కరోజులో అయిపోతాయి. ఖర్చు తక్కువ. కానీ పాలిమరేజ్ కంపెనీ మారినా, మెగ్నీషియం సాంద్రత కొద్దిగా మారినా బ్యాండ్లు మారతాయి. అందువల్ల ఒక నియమం: పోల్చవలసిన ఐసోలేట్లన్నీ ఒకే రోజు, ఒకే మిశ్రమంతో, ఒకే జెల్ మీద నడపాలి. నిరుటి జెల్ ఫోటో పక్కన నేటి జెల్ ఫోటో పెట్టి "ఒకటే" అనకూడదు. వీటితో "ఇవి కచ్చితంగా వేరు" అని ఓ మోస్తరు ధైర్యంగా చెప్పవచ్చు. "ఇవి ఒకటే" అని చెప్పలేం.

పీఎఫ్‌జీఈ (పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ ఎలక్ట్రోఫోరెసిస్) వేరే స్థాయిది. 1984లో ష్వార్ట్జ్, కాంటర్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతే సుమారు రెండు దశాబ్దాల పాటు ప్రపంచానికి ప్రమాణం. అమెరికాలో ఆహార సంబంధ వ్యాధుల కోసం 1996లో మొదలైన పల్స్‌నెట్ దీని మీదే నడిచి, 2019లో పూర్తి జన్యుక్రమానికి మారింది. పని ఇలా సాగుతుంది. బాక్టీరియా కణాలను అగరోజ్ ముక్కలో బిగించి, అందులోనే ప్రొటీనేజ్-కె, డిటర్జెంట్‌తో పగలగొట్టి, బాగా కడగాలి. ముక్కలోనే ఉన్న డీఎన్‌ఏను అరుదుగా కోసే ఎంజైముతో కోయాలి: క్లెబ్సియెల్లాకు ఎక్స్‌బీఏ-1, స్టాఫ్ ఆరియస్‌కు ఎస్‌ఎంఏ-1, అసినెటోబ్యాక్టర్‌కు ఏపీఏ-1. తరువాత 14 డిగ్రీల దగ్గర, సెంటీమీటరుకు 6 వోల్టుల చొప్పున, దిశ మారుతూ ఉండే విద్యుత్‌తో 18–20 గంటలు నడపాలి. పరిమాణ ప్రమాణానికి సాల్మొనెల్లా బ్రేండరప్ హెచ్-9812 స్ట్రెయిన్‌ను ప్రతి జెల్‌లోనూ కొన్ని వరుసల్లో పెట్టాలి. క్లెబ్సియెల్లా వరుసలో బ్యాండ్లకు బదులు మసక మాత్రమే వస్తే, నడుస్తుండగా డీఎన్‌ఏ ట్రిస్ ప్రభావంతో తెగుతోందేమో చూడండి. నడిపే ద్రావణంలో 50 మైక్రోమోలార్ థయోయూరియా కలిపితే చాలాసార్లు తేరుకుంటుంది.

ఫలితం చదవడానికి 1995 నాటి టెనోవర్ ప్రమాణాలున్నాయి. బ్యాండ్ల తేడా సున్నా అయితే ఒకటే. 2–3 అయితే దగ్గరి సంబంధం. 4–6 అయితే ఉండవచ్చు. 7, ఆపైన వేరు. ఒక్క ఉత్పరివర్తనతో రెండు మూడు బ్యాండ్లు మారవచ్చన్నది దీని వెనుక ఉన్న తర్కం. ఈ ప్రమాణాలు స్వల్పకాలంలో, ఒకే చోట జరిగిన వ్యాప్తి కోసం రాసినవి. రెండేళ్ల ఐసోలేట్లకు వీటిని వర్తింపజేసిన వ్యాసాలు కనబడితే పక్కన పెట్టేయండి.

అయిదో అడుగు: ఏడు జన్యువుల ఎంఎల్‌ఎస్‌టీ

ఎంఎల్‌ఎస్‌టీ అంటే మల్టీలోకస్ సీక్వెన్స్ టైపింగ్. 1998లో మెనింజోకాకస్ (మెదడు పొరల వాపు తెచ్చే బాక్టీరియా) కోసం మొదలైన పద్ధతి ఇది. కణానికి నిత్యం అవసరమైన ఏడు జన్యువుల్లో ఒక్కొక్క దాని నుంచి సుమారు 450–500 బేసుల ముక్క చదువుతారు. క్లెబ్సియెల్లాకు ఆ ఏడు: గ్యాప్-ఏ, ఇన్ఫ్-బీ, ఎండీహెచ్, పీజీఐ, ఫో-ఈ, ఆర్‌పీఓ-బీ, టాన్-బీ. ప్రతి కొత్త రూపానికి ఒక అంకె ఇస్తారు. ఏడు అంకెల కలయికకు ఒక ఎస్‌టీ (సీక్వెన్స్ టైప్) సంఖ్య వస్తుంది. అక్షరాలే సమాచారం కాబట్టి వెల్లూరులో చదివినా పారిస్‌లో చదివినా జవాబు ఒకటే.

ప్రతి ముక్కకూ రెండు దిశల్లోనూ సాంగర్ సీక్వెన్సింగ్ చేయించండి. ఒక్క బేసు తప్పు చదివినా కొత్త ఎస్‌టీ పుట్టినట్టు కనిపిస్తుంది. కొత్త రూపం దొరికిందని సంబరపడే ముందు క్రోమాటోగ్రామ్ (సీక్వెన్సర్ ఇచ్చిన గ్రాఫు) తెరిచి శిఖరాలు చూడండి. ఒకే జీవికి రెండు పథకాలున్న చోట ఏది వాడారో రాయండి. అసినెటోబ్యాక్టర్‌కు పాశ్చర్, ఆక్స్‌ఫర్డ్ పథకాల అంకెలు వేరు. ఈ. కోలైకీ అంతే.

ఎస్‌టీ సంఖ్య ఇంటిపేరు లాంటిది. ఇంటిపేర్లు వేరైతే అన్నదమ్ములు కారని దాదాపుగా చెప్పవచ్చు. ఒకటైనంత మాత్రాన ఒకే ఇంట్లో పెరిగినట్టు కాదు. మన దేశపు ఆసుపత్రుల్లో క్లెబ్సియెల్లా అంటే పదేపదే కనబడే ఎస్‌టీలు కొన్నే: 231, 147, 14, 395, 437 వంటివి. నాలుగు ఐసోలేట్లూ ఎస్‌టీ-231 అని వస్తే వార్డులో పాకిందనడానికి అది చాలదు. దేశమంతా తిరుగుతున్న వంశం నాలుగుసార్లు విడివిడిగా లోపలికి వచ్చి ఉండవచ్చు.

ఇంకో చిక్కు: అంకెలు దొరికిన వరుసలో ఇచ్చినవి, దగ్గరితనాన్ని చూపవు. ఎస్‌టీ-11, ఎస్‌టీ-258 మధ్య తేడా ఒక్క టాన్-బీ రూపంలోనే ఉంది. పైగా ఎస్‌టీ-258 జన్యుక్రమంలో సుమారు అయిదో వంతు ఎస్‌టీ-442 వంటి వేరే వంశం నుంచి ఒక పెద్ద ముక్కగా వచ్చి చేరింది. ఏడు కిటికీల్లోంచి చూస్తే ఇంత పెద్ద మార్పిడి అంతా ఒక్క అంకె తేడాగా కనిపిస్తుంది.

స్టాఫ్ ఆరియస్‌కు ఇంకా చవకైన దారి ఉంది: స్పా టైపింగ్. ప్రొటీన్-ఏ జన్యువులో దాదాపు 24 బేసుల చొప్పున మళ్లీ మళ్లీ వచ్చే భాగాన్ని ఒక్కసారి చదివితే చాలు. బెంగాల్ బే క్లోన్‌లో టీ-657 తరచుగా కనిపిస్తుంది. ఒకే జన్యువు మీద ఆధారపడిన పద్ధతి కాబట్టి ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. తొలి వడపోతకు బాగుంటుంది.

ఆరో అడుగు: పూర్తి జన్యుక్రమం, బల్ల మీది పని

వీలుంటే నేరుగా ఇక్కడికే రండి. పై పద్ధతులు ఇచ్చే ఎస్‌టీ, నిరోధక జన్యువులు అన్నీ దీనిలోంచే తీయవచ్చు.

రాత్రంతా పెరిగిన ఒక్క కాలనీ కల్చర్ నుంచి డీఎన్‌ఏ తీయండి. క్లెబ్సియెల్లా జిగట క్యాప్సూల్ స్తంభపు కిట్లను మూసేస్తుంది. కణాలు తక్కువగా తీసుకుని, లైసిస్ సమయం పెంచడం మేలు. పరిమాణాన్ని క్యూబిట్ వంటి ఫ్లోరోమీటర్‌తో కొలవండి. నానోడ్రాప్ ఆర్‌ఎన్‌ఏను కూడా కలిపి లెక్కించి ఎక్కువ చూపిస్తుంది. దాన్ని 260/280 నిష్పత్తి 1.8–2.0 మధ్య ఉందా అని చూడడానికి మాత్రమే వాడండి.

ఎన్ని ఐసోలేట్లు ఒకేసారి పెట్టవచ్చన్నది లెక్క. క్లెబ్సియెల్లా జన్యుక్రమం సుమారు 5.5 మెగాబేసులు. ప్రతి స్థానాన్నీ సగటున 50 సార్లు చదవాలంటే ఒక్కోదానికి 275 మెగాబేసులు. 24 ఐసోలేట్లకు 6.6 గిగాబేసులు. మైసీక్ సీక్వెన్సర్ రెండో తరం 500 చక్రాల కిట్ 7.5–8.5 గిగాబేసులు ఇస్తుంది కాబట్టి సరిపోతుంది. అందులో ఒకటి ఇదివరకే పూర్తి జన్యుక్రమం తెలిసిన ప్రమాణ స్ట్రెయిన్ కావాలి. మరొకటి మీ ఐసోలేట్లలోనే ఒకదాని నుంచి రెండోసారి తీసిన డీఎన్‌ఏ కావాలి. ఆ జంట మధ్య తేడా సున్నాకు దగ్గరగా రావాలి. అయిదారు తేడాలు వస్తే మీ పద్ధతి శబ్దం ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

ఏడో అడుగు: కంప్యూటర్ ముందు

వరుస ఇది. ఫాస్ట్‌పీతో నాణ్యత తక్కువైన చివరలు కత్తిరించండి. క్రాకెన్-2తో వేరే జీవుల డీఎన్‌ఏ కలిసిందేమో చూడండి. షావిల్ లేదా స్పేడ్స్‌తో ముక్కలు అతికించండి. క్వాస్ట్‌తో అతుకు నాణ్యత, చెక్‌ఎంతో కల్మషం చూడండి. మొత్తం పొడవు 5–6 మెగాబేసుల మధ్య, జీసీ శాతం 57 దగ్గర, కల్మషం 5 శాతం లోపు ఉండాలి. పొడవు 8 మెగాబేసులు వస్తే రెండు జీవులు కలిశాయని అర్థం. తిరిగి ప్లేటు దగ్గరకే వెళ్లాలి, సాఫ్ట్‌వేర్‌తో బాగుపడదు.

తరువాత క్లెబోరేట్ నడపండి. జాతి, ఎస్‌టీ, క్యాప్సూల్ రకం, నిరోధక జన్యువులు, అధిక ఉగ్రత లక్షణాలు అన్నీ ఒకే పట్టికలో ఇస్తుంది. మాల్డీ-టాఫ్ (బాక్టీరియా జాతిని గుర్తించే యంత్రం) "నిమోనియే" అన్నది ఇక్కడ క్వాసినిమోనియే అనో వరీకోలా అనో తేలడం అరుదేమీ కాదు. నవజాత శిశువుల వార్డుల్లో ఇది ప్రత్యేకంగా చూడవలసిన విషయం. కమాండ్ లైను అలవాటు లేనివారు పాథోజెన్‌వాచ్ అనే ఉచిత వెబ్ వేదికలో ఇదంతా చేసుకోవచ్చు.

పోలికకు రెండు దారులున్నాయి. మొదటిది కోర్ జీనోమ్ ఎంఎల్‌ఎస్‌టీ: ఏడు జన్యువులకు బదులు వందలు, వేల జన్యువుల రూపాలు పోలుస్తారు. ప్రయోగశాలల మధ్య పోలికకు ఇది హాయి. రెండోది స్నిప్‌ల లెక్క, అంటే ఒక్క బేసు తేడాలను ఒక్కొక్కటిగా లెక్కించడం. వార్డులోని ప్రశ్నకు రెండోదే నాకు నచ్చుతుంది. కానీ దానిలో గోతులు ఎక్కువ.

పోలికకు ఆధారంగా తీసుకునే రిఫరెన్స్ జన్యుక్రమం అదే ఎస్‌టీకి చెందినదై, పూర్తిగా మూసిన క్రోమోజోమ్ అయి ఉండాలి. స్నిపీతో ప్రతి ఐసోలేట్‌నూ దాని మీద పరచండి. ప్లాస్మిడ్‌లు, ఫేజ్ (బాక్టీరియాకు సోకే వైరస్) భాగాలు, చొప్పింపు క్రమాలను (చోటు మారుతూ దూకే చిన్న డీఎన్‌ఏ ముక్కలను) లెక్కలోంచి తప్పించండి. గబ్బిన్స్‌తో బయటి నుంచి ముక్కలుగా వచ్చిన భాగాలను గుర్తించి తీసేయండి. ఒక్క మార్పిడిలో వచ్చిన రెండువందల తేడాలను రెండువందల ఉత్పరివర్తనలుగా లెక్కిస్తే సోదరులు కూడా పరాయివారవుతారు. గబ్బిన్స్ ఒకే వంశంలోని ఐసోలేట్ల మీద మాత్రమే నడపాలి. నాలుగు ఎస్‌టీలు కలిపి పెడితే వచ్చేది చెత్త.

దీనికంటే మోసపూరితమైనది ఒకటుంది. అన్ని ఐసోలేట్లలోనూ చదవగలిగిన స్థానాలనే కోర్‌గా తీసుకుంటాం. నాణ్యత తక్కువైన ఐసోలేట్ ఒక్కటి చేరినా ఆ కోర్ కుంచించుకుపోయి, మిగతా జంటల మధ్య తేడాలు కూడా తగ్గిపోతాయి. ఉన్నట్టుండి అందరూ దగ్గరివారవుతారు. కోర్ ఎంత శాతమో ప్రతిసారీ చూడండి. తగ్గితే కారణమైన ఐసోలేట్‌ను తీసి మళ్లీ నడపండి.

ఎనిమిదో అడుగు: అంకెలను మనుషుల మీద పరచడం

"ఎన్ని తేడాలుంటే ఒకటే?" అని అందరూ అడుగుతారు. యూరప్ ఆసుపత్రుల కార్బపెనెమ్ నిరోధక క్లెబ్సియెల్లాపై 2019లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఒకే ఆసుపత్రిలోని గుచ్ఛాలను విడదీయడానికి 21 స్నిప్‌ల గీత బాగా పనిచేసింది. ఆ అంకెను శాసనంలా కాక, దాని వెనుక ఉన్న లెక్కతో చదవండి. క్లెబ్సియెల్లా జన్యుక్రమంలో ఏడాదికి సుమారు పది వరకు మార్పులు చేరతాయి. ఉమ్మడి పూర్వీకం నుంచి రెండు కొమ్మలూ మారుతూ వస్తాయి. అందువల్ల ఏడాది కిందట విడిపోయిన రెండు ఐసోలేట్ల మధ్య ఇరవై దాకా తేడాలు ఉండవచ్చు. మీ ఘటన మూడు వారాలదైతే 18 స్నిప్‌ల తేడా ఉన్న జంటను "నేరుగా పాకింది" అనడం కష్టం. ఉమ్మడి మూలం ఎప్పటిదో ఉండవచ్చు. క్షయ బాసిలస్‌కైతే ఏడాదికి అర మార్పు మాత్రమే. అక్కడ వాడే 5, 12 గీతలను తెచ్చి ఇక్కడ పెట్టకూడదు.

ఇప్పుడు లైను జాబితా తెరిచి వృక్షం (ఐసోలేట్ల దగ్గరితనాన్ని కొమ్మలుగా చూపే బొమ్మ) పక్కన పెట్టండి. నాలుగు రకాల దృశ్యాలు ఎదురవుతాయి.

రెండు మూడు స్నిప్‌లు, ఒకే రోజుల్లో ఒకే గది: వ్యాప్తి. వెంటనే కదలండి.

ఎనభై స్నిప్‌లు, ఒకే ఎస్‌టీ, ఒకే గది: రెండుసార్లు విడివిడిగా బయటి నుంచి వచ్చింది. రిఫరల్ నిలువు వరుస చూడండి.

రెండు స్నిప్‌లు, కానీ ఇద్దరూ ఎప్పుడూ ఒకేచోట లేరు: అసలు పరిశోధన ఇక్కడ మొదలవుతుంది. మధ్యలో స్క్రీనింగ్‌కు దొరకని మూడో మనిషి ఉండవచ్చు. సింకు గొట్టం ఉండవచ్చు. ఇద్దరూ అంతకుముందు ఒకే ప్రైవేటు ఆసుపత్రిలో ఉండి వచ్చి ఉండవచ్చు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల క్లినికల్ సెంటర్‌లో 2011లో జరిగింది ఇలాంటిదే. జూన్‌లో న్యూయార్క్ నుంచి కేపీసీ క్లెబ్సియెల్లాతో వచ్చిన రోగిని మొదటి నుంచీ విడిగా ఉంచారు. జులైలో ఇంటికి పంపారు. ఆ తరువాత కొన్ని వారాలకు రెండో రోగి బయటపడ్డాడు. చివరికి 18 మందికి సోకింది. 11 మంది మరణించారు, అందులో ఆరు మరణాలకు ఈ ఇన్ఫెక్షనే కారణమని తేల్చారు. మధ్యలో విరామం ఉండడంతో ఇది కొత్తగా వచ్చిన స్ట్రెయినేమో అన్న అనుమానం సహజం. జన్యుక్రమాలు చదివితే అన్నీ మొదటి రోగి నుంచే వచ్చినవనీ, అదీ కనీసం మూడుసార్లు విడివిడిగా పాకిందనీ తేలింది. ఆ రోగి శరీరంలోని వేర్వేరు చోట్ల నుంచి తీసిన ఐసోలేట్లను కూడా చదివారు కాబట్టే ఆ మూడు దారులు కనబడ్డాయి. సింకు గొట్టాల్లోనూ ఒక వెంటిలేటర్‌లోనూ ఆ స్ట్రెయినే దొరికింది.

నాలుగో దృశ్యం: ఎస్‌టీలే వేరు, కానీ నిరోధక జన్యువు ఒకటే. దీనికి వేరే అడుగు కావాలి.

దాని కంటే ముందు ఒక హెచ్చరిక. స్నిప్‌ల తేడా దగ్గరితనం చెబుతుంది. ఎవరి నుంచి ఎవరికి అన్న దిశను దానంతటది చెప్పదు. ఒక నర్సు చేతి నుంచి దొరికిన ఐసోలేట్ రోగుల వృక్షంలో కూర్చుందంటే, ఆమె నుంచి పిల్లలకు వెళ్లిందో, పిల్లల నుంచి ఆమెకు వచ్చిందో మీకు తెలియదు. కేంబ్రిడ్జ్‌లోని శిశువుల ప్రత్యేక వార్డులో 2011 నాటి ఎంఆర్‌ఎస్‌ఏ ఘటనలో, ఎంఆర్‌ఎస్‌ఏ రోగులు లేని విరామం తరువాత మళ్లీ కేసు వచ్చినప్పుడు సిబ్బందిని పరీక్షిస్తే ఒకరు మోస్తున్నట్టు బయటపడింది. వారికి చికిత్స చేశారు. ఇలాంటి ఫలితాన్ని పేరుతో సమావేశంలో చదవకండి. ఒక్కసారి అలా చదివితే తరువాత సిబ్బంది ఎవరూ స్వాబ్ ఇవ్వరు.

తొమ్మిదో అడుగు: స్ట్రెయిన్ కాదు, ప్లాస్మిడ్ తిరుగుతుంటే

వార్డులో మొదట క్లెబ్సియెల్లా ఎస్‌టీ-147, తరువాత ఈ. కోలై, తరువాత ఎంటెరోబ్యాక్టర్. మూడింట్లోనూ ఎన్‌డీఎం. స్ట్రెయిన్ల కోణంలో చూస్తే మూడు సంబంధం లేని కేసులు. ప్లాస్మిడ్ కోణంలో చూస్తే ఒకే వ్యాప్తి. ఎన్‌డీఎం-1ను మొదటిసారి వర్ణించిన కేసులోనే ఈ పాఠం ఉంది. న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్‌కు తిరిగి వెళ్లిన రోగి మూత్రంలో 2008లో ఎస్‌టీ-14 క్లెబ్సియెల్లా దొరికింది. అదే రోగి మలంలోని ఈ. కోలైలోనూ ఆ జన్యువే ఉంది. క్లెబ్సియెల్లాలో దాన్ని మోస్తున్న ప్లాస్మిడ్ 180 కిలోబేసులది, ఈ. కోలైలో 140 కిలోబేసులది.

చిన్న రీడ్‌లతో (యంత్రం ఒక్కసారికి చదివే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) ఇది తేల్చలేరు. ఎన్‌డీఎం చుట్టూ ఐఎస్-26 వంటి ఒకేలా ఉండే చొప్పింపు క్రమాలు పదేపదే ఉంటాయి. అతుకు అక్కడే తెగిపోయి, జన్యువు ఏ ప్లాస్మిడ్‌కూ అంటని చిన్న ముక్కగా మిగులుతుంది. ప్లాస్మిడ్‌ఫైండర్ చూపిన ఇంక్ రకం (ప్లాస్మిడ్ కుటుంబం), ఎన్‌డీఎం రెండూ ఒకే ఐసోలేట్‌లో ఉన్నాయి కాబట్టి అది దాని మీదే ఉందనడం ఊహ మాత్రమే. ప్రతి రకం నుంచి ఒకటి రెండు ఐసోలేట్లను నానోపోర్ సీక్వెన్సర్‌తో పొడవుగా చదివించి, ఫ్లైతో గానీ, చిన్న రీడ్‌లు కూడా కలిపి యూనిసైక్లర్‌తో గానీ ప్లాస్మిడ్‌ను వలయంగా మూయండి. మూసిన దాని మీద మిగతా ఐసోలేట్ల రీడ్‌లను పరిచి, ఎంత భాగం కప్పబడిందో, ఎన్ని తేడాలున్నాయో చూడండి. వెన్నెముక అంతా కప్పబడి తేడాలు ఒకటి రెండే ఉంటే, కలయిక ప్రయోగంతో (రెండు బాక్టీరియాలను కలిపి పెంచి) మరో ఈ. కోలైకి బదిలీ అవుతుందేమో బల్ల మీద కూడా చూడవచ్చు.

మన దగ్గర పనిచేసేవారు ఒకటి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఆక్సా-232 సాధారణంగా 6.1 కిలోబేసుల చిన్న కోల్-కేపీ-3 ప్లాస్మిడ్ మీద ఉంటుంది. పొడవైన రీడ్‌ల లైబ్రరీలో చిన్న వలయాలు సరిగ్గా చేరవు. పొడవు ప్రకారం వడపోస్తే పూర్తిగా మాయమవుతాయి. పీసీఆర్‌లో పాజిటివ్, అతుకులో లేదు అని వస్తే పీసీఆర్‌ను అనుమానించకండి. వడపోత తీసేసి, చిన్న రీడ్‌ల అతుకులో వెతకండి.

పదో అడుగు: నివేదిక, దాచిపెట్టడం

వార్డుకు వెళ్లే నివేదికలో వృక్షం బొమ్మ కంటే ముందు రెండు వాక్యాలు ఉండాలి. ఉదాహరణకు: "1, 2, 4 నంబరు రోగుల ఐసోలేట్లు ఒకే ఇటీవలి మూలానికి చెందినవి. 3వ రోగిది దీనితో సంబంధం లేనిది, బహుశా చేరేనాటికే ఉంది." ఆ కింద ఎంత నమ్మకంతో చెబుతున్నారో, ఎవరెవరిని స్క్రీనింగ్ చేయలేదో రాయండి. ఎస్‌టీ సంఖ్యలు, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు, రిఫరెన్స్ పేరు, స్నిప్ పట్టిక అనుబంధంలో పెట్టండి. వెర్షన్ రాయకపోతే ఆరు నెలల తరువాత అదే డేటాతో అదే అంకె తెచ్చుకోలేరు.

రీడ్‌లను బహిరంగ భాండాగారంలో చేర్చండి. ఫరీదాబాద్‌లోని భారతీయ జీవసమాచార కేంద్రం ఇప్పుడు మన దేశంలోనే ఆ అవకాశం ఇస్తోంది. పంపే ముందు మనుషుల డీఎన్‌ఏ రీడ్‌లు తీసేయండి. తేదీ బదులు నెల, ఆసుపత్రి పేరు బదులు జిల్లాయో రాష్ట్రమో ఇవ్వండి. చిన్న పట్టణంలో శిశువుల ఐసీయూ ఒక్కటే ఉన్నప్పుడు జిల్లా పేరు కూడా గుర్తింపే అవుతుంది.

ఫ్రీజరులోని గొట్టం నంబరు, రీడ్‌ల ఫైలు పేరు, లైను జాబితాలోని వరుస నంబరు మూడూ ఒకటే ఉండాలి. రోగి పేరూ ఆసుపత్రి నంబరూ వేరే పుస్తకంలో, తాళం కింద. మరో ఏడాదికి అదే వార్డులో మళ్లీ మెరోపెనెమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా వస్తే, మొదట తీసి పోల్చవలసినవి ఈ గొట్టాలే.